టీచరు గారి చూరు, పక్కింటి గోడ

నేను ఇళ్ళ చూరులకు రేకు కాలువలు కట్టి బతికినవాణ్ణి. పెంకుల మీద నుంచి జారే వాన నీళ్ళు గోడ మొదట్లో పడకుండా పట్టుకుని, ఒక చివరికి నడిపించి, గొట్టంలోంచి కిందికి దింపడం నా పని. నర్సీపట్నం చుట్టుపక్కల, ఇటు యలమంచిలి దాకా, నా చేతి కాలువలు ఇంకా కొన్ని చూరులకు వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. పెంకుటిళ్ళు పోయి డాబాలు వచ్చాక ఆ పనీ తగ్గింది.

మా సంఘంలో యౌవనస్థుల కూడికకు వచ్చే పిల్లల్లో కొందరు రేకుల పనిలోను, వెల్డింగులోను ఉన్నారు. ఇన్నేళ్ళలో మీకు బాగా గుర్తున్న ఇల్లు ఏదని మొన్న వాళ్ళు నన్ను అడిగారు. ఏ పెద్ద రైసుమిల్లు కప్పో, ఏ షావుకారి మేడో చెబుతాననుకున్నట్టున్నారు. నాకు బాగా గుర్తున్నది నేను పాడుచేసిన పని. ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది, ఆ వెనకే స్తోత్రమూ వస్తుంది. అందుకని అదే రాస్తున్నాను. పేర్లు రాయను. అందులో ఉన్నవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు, నా తప్పుకి వాళ్ళ పేర్లు మోయించడం న్యాయం కాదు.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నిచ్చెన ఎక్కేముందు తల వంచి ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ రోజుల్లో నేను దాన్ని ఇంటివాళ్ళకు వినబడేటట్టు చేసేవాణ్ణి. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి కనుక గొంతు కూడా బాగా సాగేది. నాతో ఇరవై రెండేళ్ళు జంటగా పనిచేసిన మనిషి ఎస్. రాయవరం వైపువాడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను ప్రార్థన చేస్తున్నంతసేపూ నిచ్చెన కాళ్ళ కింద రాయి కదులుతోందో లేదో చూసుకుంటూ నిలబడేవాడు. చెయ్యడం అయ్యాక "ఆమెన్ అయిపోనాదా పాస్టరు బావా, ఎక్కు మరి" అనేవాడు. మాకు చుట్టరికం లేదు. ఆ బావ పిలుపు పనిలోంచి వచ్చింది, పాస్టరు అన్నది నా గొంతులోంచి వచ్చింది.

ఒక ఏడు సెప్టెంబరు చివర్లో బలిఘట్టంలో ఒక రిటైరైన టీచరు గారి ఇంటికి పని పడింది. భర్త పోయి కొన్నాళ్ళయింది, ఒక్కరే ఉండేవారు. మంగుళూరు పెంకుటిల్లు, వీధి గుమ్మం ఉత్తరానికి. తూర్పు చూరు కింద ఉన్న పాత కాలువ తుప్పు పట్టి జల్లెడ అయిపోయింది. దాన్ని తీసేసి కొత్తది కట్టాలి. నలభై అడుగుల పొడుగు. ఒక చివర వీధి వైపు, అంటే ఈశాన్యం. రెండో చివర పెరటి వైపు, అంటే ఆగ్నేయం. అంతకు మించి ఆ ఇంటి గురించి మీరు గుర్తు పెట్టుకోవలసింది లేదు.

టీచరు గారు మాకు చెప్పిన మాట ఒక్కటే. నీళ్ళన్నీ ఈశాన్యానికి రావాలి, వీధి కాలువలో పడాలి, పెరటి వైపు ఒక్క బొట్టు పోకూడదు. ఎందుకండీ అని నేను అడిగితే, "వాస్తు అండీ మేస్త్రీ గారూ. నీళ్ళు ఈశాన్యానికే పోవాలి. ఆగ్నేయంలో నీళ్ళు పనికిరావు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. వాస్తు అనే మాట వింటేనే నాకు అప్పట్లో అలా ఉండేది. ఆ మాట కోసం బాగున్న గుమ్మాలు పీకించి కిటికీలు మూయించినవాళ్ళను చాలామందిని చూశాను. పైకి మాత్రం అలాగేనమ్మా అని తల ఊపాను.

పైకెక్కి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కాలువను పట్టి ఉంచే కొక్కేలు చూరు చెక్కకు బిగిస్తాం. ఆ చెక్క వయసు మీద పడి పెరటి వైపు రెండు అంగుళాలు దిగిపోయి ఉంది. చెక్కను అనుసరించి కొక్కేలు కొట్టుకుంటూ పోతే కాలువ దానంతటదే పెరటి వైపు వాలుతుంది. పది అడుగులకు అర అంగుళం, మాకు కావలసినంత వాలు. టీచరు గారు చెప్పినట్టు వీధి వైపు వాలాలంటే పెరటి వైపు దిగిన చెక్కను ఎత్తి కింద దిమ్మలు పెట్టాలి, వీధి వైపు కొక్కేలు బాగా కిందికి దించాలి. ఇంకో రోజు పని. పైగా వీధిలోంచి చూసేవాడికి పెంకుకీ కాలువకీ మధ్య బెత్తెడు సందు కనబడుతుంది, మేస్త్రీ చేతకానివాడనుకుంటారు.

నేను చెక్కను అనుసరించే పోయాను.

గొట్టం మాత్రం రెండు చివర్లా పెట్టాను. వీధి వైపు ఆవిడ అడిగిన గొట్టం, పెరటి వైపు ఇంకోటి. అదెందుకని అడిగితే, జడివానకు ఒక దారి చాలదని చెబుదామనుకున్నాను. ఆవిడ అడిగారు, అదే చెప్పాను కూడా. నీళ్ళు మాత్రం పెరటి గొట్టానికే పోతాయి, వీధి గొట్టం అలంకారం.

నా జంట మనిషి కిందనుంచి రసమట్టం అందిస్తూ అంతా చూస్తూనే ఉన్నాడు. "ఆయమ్మ అటేపు సెప్పినాది, నువ్వు ఇటేపు దించుతున్నావు" అన్నాడు.

"నీళ్ళకు దేవుడు పల్లం ఇచ్చాడు, దిక్కు ఇవ్వలేదు" అన్నాను. అప్పటికప్పుడు తట్టిన మాట. నాకే చాలా బాగా అనిపించింది.

"మన ఊరి ఏరే బలిఘట్టం కాడ ఉత్తరానికి తిరిగినాది. నీ రేకుముక్క తిరగదేటి?" అని నవ్వాడు. వరాహ నది అక్కడ నిజంగానే ఉత్తరానికి పారుతుంది, దానికోసమే జనం స్నానాలకు వస్తారు. నేను నవ్వలేదు. అతను ఈసారి నవ్వకుండా, "సరేగానీ బావా, ఆ పల్లంలో ఏటున్నాదో సూసినావా?" అన్నాడు.

చూడలేదు. పెరటి మూలలో ఛాతీ ఎత్తు ప్రహరీ, దాని మీద గుబురుగా దొండపాదు. అవతల ఏముందో చూడాలంటే నిచ్చెన మీద నాలుగు మెట్లు ఎక్కి తల తిప్పితే చాలు. నేను తల తిప్పలేదు. పిల్లలూ, నా తప్పు మొత్తం ఆ తిప్పని తలలోనే ఉంది. మిగతాది దాని వెనకాల వచ్చింది.

కాలువ కట్టాక పై చివర బిందెడు నీళ్ళు పోసి, కింది చివర సరిగ్గా దిగుతున్నాయో లేదో ఇంటివాళ్ళకు చూపించడం మా పద్ధతి. ఆ రోజు టీచరు గారు పూజలో ఉండగా ఆ పరీక్ష నేను కానిచ్చేశాను. ఆవిడ వచ్చి, ఈశాన్యానికే పోతున్నాయి కదా అని అడిగారు. "మీరు బెంగ పెట్టుకోకండమ్మా, నీళ్ళు ఎక్కడా నిలవకుండా పోతాయి" అన్నాను. ఒక్క అబద్ధమైనా ఆడకుండా జవాబిచ్చానని ఇంటికి పోయేదాకా సంతోషపడుతూనే ఉన్నాను.

ఆ తర్వాతి ఆదివారం సంఘంలో సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి ఈ సంగతి చెప్పాను. ఇల్లు ఎవరిదో చెప్పలేదు. మూఢనమ్మకానికి తలవంచమని అడిగారని, నేను వంచలేదని, దేవుడు నీళ్ళకు పల్లమే ఇచ్చాడు గాని దిక్కు ఇవ్వలేదని అన్నాను. హల్లెలూయ అన్నారు. వెనక వరసల్లోంచి చప్పట్లు కూడా వచ్చాయి. దిగిపోయిన చెక్క గురించి, ఒక రోజు పని మిగుల్చుకోవడం గురించి ఆ సాక్ష్యంలో లేదు. నాకు అవి గుర్తే రాలేదంటే మీరు నమ్మకపోవచ్చు. కాని నిజంగా గుర్తు రాలేదు.

రెండు వారాలు గడిచాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. ముందు రోజు సాయంత్రం మొదలైన వాన తెల్లారేసరికి కూడా తగ్గలేదు, ఇంకా ముదిరింది. ఉదయం ఎనిమిది దాటాక టీచరు గారు ఫోను చేశారు. ఆవిడ గొంతులో కోపం లేదు. బడిలో పిల్లవాణ్ణి లెక్క అడిగినట్టు అడిగారు. "మేస్త్రీ గారూ, వీధి గొట్టంలోంచి చుక్క రావడం లేదు. పెరటి గొట్టం పంపు విప్పినట్టు పోస్తోంది. మీరు కట్టిన కాలువ ఎటు పారాలండీ?"

ఆకులు అడ్డుపడి ఉంటాయమ్మా, వచ్చి చూస్తానన్నాను. ఫోను పెట్టేశాక ఆ మాట నాకే వినబడింది. మొదటిసారి మాట తిప్పి తప్పించుకున్నాను. ఈసారి చక్కగా, గొంతు తడబడకుండా అబద్ధమాడాను. దేవుని పేరు చెప్పుకుని మొదలుపెట్టిన పని నన్ను ఇక్కడికి తెచ్చింది.

నా జంట మనిషికి ఫోను చేస్తే ఏమీ అడగలేదు. నెత్తిమీద ఎరువుల సంచి మడిచి కప్పుకుని, దిమ్మలకు పనికొచ్చే చెక్కముక్కలు సంచీలో వేసుకుని వచ్చాడు. దిమ్మలు అడగకుండానే తెచ్చాడంటే అతనికి అన్నీ తెలుసన్నమాట. ఇద్దరం నా మోపెడు మీద బలిఘట్టం చేరాం.

పెరట్లోకి వెళ్ళి ఈసారి ప్రహరీ దగ్గరకు నడిచి, దొండపాదు పక్కకు తీసి అవతలికి చూశాను. మూరెడు దూరంలో మట్టి గోడ. పాతకాలం గోడ, మట్టిముద్దలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎత్తినది. పక్క ఇంటి వెనక గది అది. మా గొట్టం నీళ్ళు ప్రహరీ అడుగున ఉన్న కన్నంలోంచి దూరి ఆ గోడ మొదట్లో మడుగు కట్టాయి. గోడ నడుము దాకా తడిసి నల్లగా ఉంది. కిందనుంచి మట్టి బెల్లం పాకంలా జారుతోంది. ఇంతలో గోడ అవతలనుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినబడింది.

నా జంట మనిషి నా మొహం చూసి, "అటేపు మనుసుల్నెల్లి లేపు. నాను గొట్టం సంగతి సూత్తాను" అన్నాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ, చెప్పానా లేదా అని అతను నన్ను అనలేదు. ఇరవై రెండేళ్ళ స్నేహంలో అతను నాకు చేసిన ఉపకారాల్లో అది అన్నిటికన్నా పెద్దది.

పక్కింటికి పరుగెత్తాను. చెరుకు, వరి పండించుకునే కుటుంబం వాళ్ళది. మగవాళ్ళు పొలంలో గట్టు తెగిందని వెళ్ళారు. ఇంట్లో అరవై దాటిన అత్తగారు, ఎనిమిదో రోజు బాలింత అయిన కోడలు, బిడ్డ. వెనక గదిలో ఆ గోడకు ఆనించే కోడలి మంచం వేశారు. కుంపటి పెట్టారు, గాలి రాకుండా తలుపు సందులకు గుడ్డలు కుక్కారు. బాలింతకు చలిగాలి తగలకూడదని తలచి, ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి గది ఇచ్చారు.

గోడ తడిసిందమ్మా, తల్లినీ బిడ్డనీ త్వరగా బయటికి తీసుకురండి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఈ గోడ మా మావ పెట్టినాడు. ఎన్ని గాలివానలు సూసినాదో నీకేటి తెల్సు? పచ్చి బాలింతని వానలోకి తెమ్మంటావేటి? ఎల్లెల్లు" అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఆ గోడ నా వయసుకన్నా ఎక్కువ కాలం వానలు చూసింది. ఈ వాన వేరని ఆవిడకు ఎలా తెలుస్తుంది? తెలియాలంటే ఒక్కటే దారి. వాన ఎక్కువగా ఉందని ఇంకో పదిసార్లు చెప్పినా ఆవిడ కదలదు. నేను ఎవరినో, ఏం చేశానో చెబితేనే కదులుతుంది. అరుగు మీద నిలబడి ఉన్నాను, చూరు నీళ్ళు నా వీపు మీద పడుతున్నాయి. వీధి గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని టీచరు గారు వచ్చి నిలబడ్డారు. ఆవిడ వింటారని తెలుసు. కూడికల్లో మాట్లాడే భాష ఎక్కడికి పోయిందో, మా ఇంట్లో మా అమ్మతో మాట్లాడే భాషే నోట్లోంచి వచ్చింది.

"అమ్మా, ఇది పైనుంచి పడ్డ వాన కాదు. టీచరమ్మ గోరింటి సగం కప్పు నీల్లు. అటేపు పంపమని ఆవిడ సెప్పినాది, నానే ఇటేపు ఒంపీసినాను. రేతిరి నుంచి నీ గోడ మొదట్లో పడతన్నాయి."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. తిట్టలేదు. వెనక్కి తిరిగి, "కోడలా, లెగు. గుంటని నా సేతికియ్యి" అంది.

అప్పుడు టీచరు గారు లోపలికి వచ్చారు. తన ముందు గదిలో మంచం వేశానని, బిడ్డను తెమ్మని అన్నారు. ఈసారి అత్తగారే తటపటాయించింది. "పురుడింకా ఎల్లనేదు టీచరమ్మా. మైల. మీ దేవుడి గది ఆ పక్కనే" అంది.

"మైల నేను కడుక్కుంటాను. ముందు బిడ్డను గొడుగు కిందికి తీసుకురా" అన్నారు టీచరు గారు.

ఈవిడను మూఢనమ్మకాల మనిషని నేను రెండు వారాల కిందట నలుగురిలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ గొడుగు కింద ముగ్గురు ఆడవాళ్ళూ ఒక పసిగుడ్డూ వీధి దాటకుండా గుమ్మంలోంచి గుమ్మంలోకి వెళ్ళిపోతుంటే నేను పక్కకు తప్పుకుని నిలబడ్డాను.

తర్వాత పని. వానలో రేకు పని చేయకూడదు, కాలు జారితే అంతే. కాని చేశాం. పెరటి గొట్టం ఊడదీసి, కాలువలో అది ఉన్న కన్నానికి రేకు ముక్క, గుడ్డ కుక్కాం. ఇక కాలువను పెరటి చివర ఎత్తాలి, వీధి చివర దించాలి. బెత్తెడు మందాన నీళ్ళు వచ్చిపడుతున్న నలభై అడుగుల రేకు అది. కొక్కేలు వదులు చేస్తే మొత్తం ఊడి కింద పడుతుంది. నా జంట మనిషి పెరటి చివర నిచ్చెన ఎక్కి ఆ రేకును నెత్తిమీదకు ఎత్తుకున్నాడు. నేను వీధి చివరనుంచి ఒక్కొక్క కొక్కెం విప్పి, దించి బిగించుకుంటూ వస్తున్నాను. అరగంట పైగా పట్టింది. ఆ అరగంటా అతని చెవుల పక్కనుంచి నీళ్ళు ధారలు కడుతూనే ఉన్నాయి.

"తొరగా రా బావా" అని అటునుంచి కేకేశాడు. "నాను శివుడినైపోనాను. నువ్వు నమ్మవుగానీ గంగ నా నెత్తి మీదే దిగినాది."

ఆ ఉదయం నుంచి మొదటిసారి నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను కూడా, వానలో తెలియలేదు. చివరి కొక్కెం బిగించి అతని నెత్తిమీద భారం దింపేసరికి వీధి గొట్టం గరగరమని, ఒక్కసారి దగ్గినట్టు దగ్గి, పోయడం మొదలుపెట్టింది. పెరటి వైపు గోడ మొదట్లో మడుగు ఇక పెరగలేదు.

ఆలస్యమైపోయింది గాని. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, వాన కాస్త తెరపిచ్చాక, బస్తా దించినట్టు ఒక మెత్తని చప్పుడైంది. గోడ సగం దాకా లోపలికి కూలింది. నేను, అత్తగారు వెళ్ళి చూశాం. కోడలి మంచం కనబడలేదు. మట్టి కుప్పలోంచి ఒక కోడు మాత్రం పైకి లేచి ఉంది. అత్తగారు దాన్ని ముట్టుకుని చూసింది, తర్వాత నా చెయ్యి పట్టుకుంది. కోపంతో పట్టుకుందా, పడిపోకుండా పట్టుకుందా నాకు తెలియదు. ఆ పట్టు మాత్రం ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడి ఉపమానం పిల్లలకు నేను ఎన్నిసార్లు చెప్పానో. వాన కురిసింది, వరద వచ్చింది, ఇల్లు కూలింది అని చేతులు తిప్పి మరీ చెప్పేవాణ్ణి. ఆ వరదను పంపినవాడు ఎవడై ఉంటాడని ఒక్కసారీ అనుకోలేదు. పొరుగువాడెవడు అన్న పాఠం కూడా చెప్పాను. ప్రహరీ అవతల ఎవరున్నారో చూడకుండానే చెప్పాను.

సాయంత్రం టీచరు గారు మా ఇద్దరికీ పొడి తువ్వాళ్ళు ఇచ్చి, టీ పోసి కూర్చోబెట్టారు. లోపలి గదిలో బిడ్డకు పాలు పడుతున్నారు. నేను ఆవిడకు మొత్తం చెప్పేశాను. వాస్తు మీద నాకున్న చులకన, సంఘంలో చెప్పిన సాక్ష్యం, ఆకులు అడ్డుపడ్డాయన్న అబద్ధం, ఏదీ దాచలేదు. మీ నమ్మకాన్ని తక్కువ చేశాను, క్షమించండమ్మా అన్నాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు. వాళ్ళాయన ఉన్నప్పుడు మొదటిసారి కాలువ కట్టించిన సంగతి చెప్పారు. పక్కవాళ్ళ గోడ మట్టిది, అటు నీళ్ళు పోకూడదని ఆ మేస్త్రీకి పది సార్లు చెప్పారట. ఏం కాదులెండి అన్నాడట. ఆ ఏడు వానకు ఆ గోడ అడుగు కరిగింది. పక్కింటి పెద్దాయన వీళ్ళను ఒక్క మాట అనకుండా, తనే మట్టి తెచ్చి మెత్తుకుంటూ కూర్చున్నాడట.

"ఆయన మెత్తుకుంటుంటే మావారు కిటికీ తలుపు వేసుకున్నారండీ, చూడలేక" అన్నారు. "అప్పటినుంచీ ఏ మేస్త్రీ వచ్చినా ఈశాన్యం అంటాను. పక్కవాళ్ళ గోడ అంటే ఏం కాదులెండి అంటారు. వాస్తు అంటే ఎవ్వరూ ఎదురు చెప్పరు. పదిహేనేళ్ళు ఆ మాటతోనే నెట్టుకొచ్చాను. ఆ మాట పనిచెయ్యని మేస్త్రీ ఈ ఊళ్ళో ఒకరున్నారని నాకు తెలీదు."

నా జంట మనిషికి టీ పొలమారింది. ఆవిడా నవ్వారు. నేను తలవంచుకున్నాను. నాకు నిజం చెప్పి ఉంటే నేను వినేవాణ్ణా అని చాలాసార్లు ఆలోచించాను. ఆ రోజు నా మనసున్న తీరుకి, పక్కవాళ్ళ గోడ అన్నా చెక్కను అనుసరించే పోయేవాణ్ణేమో. దిగిపోయిన చెక్క అక్కడే ఉంది, ఒక రోజు పనీ అక్కడే ఉంది. విశ్వాసం ఆ రెండిటి మీదా కప్పిన గుడ్డ.

శనివారం మా పాస్టరు గారి దగ్గరకు వెళ్ళాను. అంతా విని, దేవుని దగ్గర ఒప్పుకున్నావు, ఆ ఇంటివాళ్ళ దగ్గర ఒప్పుకున్నావు, చాలదా అన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు, ఆయన మంచివారు. మొదటిది మైకులో చెప్పానండీ అన్నాను. అయితే ప్రసంగానికి ముందు నీకే సమయం ఇస్తానన్నారు.

ఆదివారం లేచి నిలబడేసరికి వెనక వరసలో, గోడ పక్కన, నా జంట మనిషి కూర్చుని ఉన్నాడు. అంతకుముందు అతను ఆ గుమ్మం తొక్కలేదు. నేను మధ్యలో ఏదైనా ఎగ్గొట్టేస్తానేమోనని వచ్చానని తర్వాత చెప్పాడు. అతని మొహం చూస్తూనే చెప్పాను. చెక్క గురించి చెప్పాను, ఒక రోజు పని గురించి చెప్పాను, ఆకుల అబద్ధం చెప్పాను, మట్టిలోంచి లేచిన మంచం కోడు చెప్పాను. ఈసారి హల్లెలూయ ఎవరూ అనలేదు. చప్పట్లు లేవు. ఫ్యాను చప్పుడు వినబడుతోంది.

ఆడవాళ్ళ వైపునుంచి, బజారులో కూరగాయలు అమ్ముకునే ఒక పెద్దావిడ కూర్చున్నచోటినుంచే అడిగింది. "ఆ గోడ మళ్ళీ పెట్టినారా?"

లేదని చెప్పాను.

"మరి ఇక్కడ నిలబడ్డావేటి?" అంది.

సంఘంలో నేను విన్న ప్రసంగాల్లో అంత చిన్నది ఇంకొకటి లేదు. మర్నాడు ఉదయం మావాళ్ళు తొమ్మిదిమంది బలిఘట్టం వచ్చారు. పాస్టరు గారు పంచె ఎగ్గట్టి ఇటుకలు అందించారు. నా జంట మనిషి తాపీ పట్టుకుని, ఇంతమంది పాస్టర్ల కింద తను పనిచెయ్యలేనని గోల చేస్తూనే అందరినీ అదిలించాడు. మోకాలెత్తు దాకా రాయి, సిమెంటు వేశాం, దానిమీద ఇటుక. ఆ ఇంటి కొడుకు మాతోపాటే పనిచేశాడు. అత్తగారు మధ్యాహ్నం అందరికీ అంబలి పోసింది. ముందు నాకే పోసింది. ఎందుకు ముందు నాకు పోసిందో ఎవరూ అడగలేదు. 

అప్పటినుంచి పని మానేసేదాకా నేను రెండు అలవాట్లు మార్చుకున్నాను. ప్రార్థన మానలేదు, పెదవులు కదలకుండా చేసుకోవడం నేర్చుకున్నాను. ఇక బిందెడు నీళ్ళు పోసి చూపించే పరీక్షకు ఇంటివాళ్ళను మాత్రమే పిలవడం మానేసి, పక్కింటివాళ్ళను కూడా పిలిచేవాణ్ణి. కొందరు ఇంటివాళ్ళకు అది నచ్చేది కాదు. కొన్ని చోట్ల ఆ రెండిళ్ళకూ మాటలుండేవి కావు. నీళ్ళు వాళ్ళ పక్కకు పోతాయేమో వాళ్ళే చూడాలి కదండీ అనేవాణ్ణి. పొరుగువాళ్ళు మొదట గుమ్మంలోనే నిలబడేవారు, తర్వాత గోడ దగ్గరకు వచ్చేవారు. అక్కడ మొదలైన మాటలు కొన్ని చోట్ల ఆగకుండా సాగాయి.

నా ఆఖరి పని కూడా టీచరు గారి ఇంటిదే. పని మానేసిన ఏటి జూన్‌లో, వానలకు ముందు, కొక్కేలు బిగించి పోదామని వెళ్ళాను. నా జంట మనిషి అప్పటికే లేడు, ముందటేడు ప్రభువు తీసుకున్నాడు. అలా అంటే అతను ఒప్పుకునేవాడు కాదు. శివుడి దగ్గరికి పోయానని చెప్పమనేవాడు. నిచ్చెన కింద రాయి నేనే చూసుకుని నాలుగు మెట్లు ఎక్కాను. టీచరు గారు వీధి గొట్టం దగ్గర నిలబడ్డారు. ప్రహరీ అవతల కొత్త గోడ దగ్గర అత్తగారు గొంతుక్కూర్చుంది. కళ్ళు సరిగా కనబడక గోడ మొదట్లో అరచెయ్యి ఆనించి ఉంచింది. పెరటి చివర బిందె వంచాను. నీళ్ళు నా ముందునుంచి మెల్లగా ఉత్తరానికి కదిలి వెళ్ళిపోయాయి. వీధి వైపు గొట్టం దగ్గింది.

 అవతలనుంచి అత్తగారు అరచెయ్యి ఎత్తి తడిమి చూసుకుని, కొంగుకు తుడుచుకోవలసిన పని లేక, అలాగే చూపించింది.

"ఇటేపు సుక్క కూడా రానేదు మేస్త్రీ" అంది.